కుక్క నోట్లో ఏదైనా పోసే ముందు

మూడేళ్ళ కిందట, మే నెల మిట్టమధ్యాహ్నం, మా వీధి చివర కిరాణా కొట్టు ముందు ఒక నల్ల కుక్క పడిపోయింది. ఐదు నిమిషాల్లో ఆరుగురం పోగయ్యాం. ఒకరు చెంబుతో మజ్జిగ తెచ్చారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. ఇద్దరం దవడలు విడదీస్తే మూడో మనిషి మజ్జిగ పోశాడు. సగం పక్కకు కారిపోయింది. మిగతా సగం ఎటు వెళ్ళిందో గొంతులోంచి వచ్చిన గురగుర శబ్దమే చెప్పింది. దవడలు పట్టుకున్న నాలుగు చేతుల్లో రెండు నావి. ఆటో వచ్చేసరికి కుక్క ప్రాణం పోయింది.

సాయంత్రం తెలిసిన పశువైద్యుడికి ఇదంతా చెబితే ఆయన తిట్టలేదు. "అది వడదెబ్బ. ఆ చెంబు పక్కన పెట్టి, నాలుగు బకెట్ల నీళ్ళు ఒంటి మీద పోసి ఉంటే బతికేదేమో" అన్నారు.

ఎవరు కళ్ళు తిరిగి పడిపోయినా నోట్లో ఏదో ఒకటి పోయడం మనకు తరాల అలవాటు. మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, ఉప్పు నీళ్ళు, ఏదీ దొరక్కపోతే తులసి తీర్థం. స్పృహ తప్పిన కుక్క మింగలేదు. దాని గొంతులో ఆహారం వెళ్ళే దారి, గాలి వెళ్ళే దారి పక్కపక్కనే ఉంటాయి. మింగే చర్య జరగనప్పుడు గాలి దారి మూసుకోదు కాబట్టి మనం పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అసలు ఆపద నుంచి బయటపడిన కుక్క కూడా రెండు రోజుల తర్వాత న్యుమోనియాతో పోవచ్చు.

కుక్కల ప్రథమ చికిత్సలో తికమక అంతా ఇక్కడే ఉంది. ఒక ఆపదలో ప్రాణం నిలిపే పని ఇంకో ఆపదలో ప్రాణం తీస్తుంది. వాంతి చేయించడం ఒక విషానికి మేలు, మరో విషానికి చేటు. మూతి కట్టడం కాలు విరిగిన కుక్కకు అవసరం, వడదెబ్బ తిన్న కుక్కకు ఉరితాడు. అందుకే చేతుల కన్నా ముందు కళ్ళకు పని చెప్పాలి.

మొదటి చూపు మన కోసమే

నొప్పితో ఉన్న కుక్క పెంచిన చేతినైనా కరుస్తుంది. అందులో దాని తప్పేమీ లేదు. మీదికి వంగకుండా, పేరు పెట్టి పిలుస్తూ పక్క నుంచి వెళ్ళండి. రోడ్డు మీద గుద్దుకుని పడి ఉంటే ముందు వాహనాలను ఆపండి. కరెంటు తీగ నోట్లో ఉంటే కుక్కను తాకక ముందే మెయిన్ స్విచ్ కట్టేయండి.

వీధి కుక్క విషయంలో మరో భయం ఉంది, చాలామందికి తెలియదు. దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేక అవస్థ పడుతున్న కుక్కను చూస్తే గొంతులో ఎముక ఇరుక్కుందనే అనిపిస్తుంది. జాలిపడి చెయ్యి పెట్టి తీయబోతాం. రేబిస్‌లో పక్షవాతం రకం అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అనుకుంటాం, ఇదేమో మూలన కూర్చుని నోరు మూయలేక చూస్తూ ఉంటుంది. అలాంటి కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి. పంటి గీత పడినా, గాయం మీద చొంగ పడినా ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టించుకోవాలి.

టీకాలు వేయించిన సొంత కుక్కే అయినా కాలు విరిగి ఉంటే మూతి కట్టక తప్పదు. నూర్పిళ్ళ వేళ ఎద్దు మూతికి కట్టే చిక్కం గుర్తుందా? ఇక్కడ చున్నీయో, పాత నూలు చీర పేలికో చాలు. మూతి చుట్టూ ఒక చుట్టు, గడ్డం కింద ఒక ముడి, కొసలు చెవుల వెనక కట్టాలి. నాలుగైదు నిమిషాలకు మించి ఉంచకూడదు. వాంతి చేసుకుంటున్నా, రొప్పుతున్నా, ఊపిరి అందకపోయినా, పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కయినా అసలు కట్టకూడదు.

తర్వాత పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. నాకు తెలిసినంతలో ఖర్చు లేని, అబద్ధం చెప్పని పరీక్ష ఇదే. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు లేత గులాబీ రంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే రంగు తిరిగి వస్తుంది. పాలిపోయి ఉంటే రక్తం పోతోంది, బయటికి కనిపించకపోతే కడుపులో పోతోంది. నీలంగా ఉంటే గాలి అందడం లేదు. ఇటుక రంగులో ఎర్రబడితే ఒళ్ళు ఉడుకుతోంది. పసుపుపచ్చగా ఉంటే కాలేయం దెబ్బతినడమో, పిడుదుల వల్ల వచ్చే జ్వరమో కావచ్చు. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప వంచి లోపలి రంగు చూడాలి. మీ కుక్క మామూలు రంగేమిటో అది హాయిగా పడుకున్న రోజే చూసి పెట్టుకోవాలి. నాడి తొడ లోపలి వైపు, పొట్టకు దగ్గరగా దొరుకుతుంది.

ఎండ

తెలుగు నేల మీద కుక్కలకు ఏటా తప్పకుండా వచ్చే ఆపద వడదెబ్బ. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుందంతే. రొప్పుతూ నాలుక మీది తడిని ఆవిరి చేసి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ తడి ఆరదు. అందుకే రామగుండంలో 44 డిగ్రీలకు భయపడే మనం కాకినాడలో, విశాఖలో 36 డిగ్రీలను తేలిగ్గా తీసుకోకూడదు. కిటికీలు మూసిన కారు సంగతి చెప్పనక్కర్లేదు.

కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. (మన చేతికి అది జ్వరంలా తోస్తుంది. వెంటనే పారాసెటమాల్ వేసేవాళ్ళున్నారు. ఆ కథ కింద వస్తుంది.) 105 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆగని రొప్పు, జిగటగా కారే చొంగ, తూలుడు, వాంతి, నెత్తుటి విరేచనం, చివరికి పడిపోవడం.

ఇక్కడ మన సహజబుద్ధి ఆసుపత్రికి పరుగెత్తమంటుంది. కానీ ముందు చల్లబరచాలి, తర్వాతే తీసుకెళ్ళాలి. గంట ట్రాఫిక్‌లో కుక్క ఉడుకుతూనే ఉంటుంది మరి. బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం, రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2016-18 మధ్య వడదెబ్బతో వచ్చిన కుక్కల ఆసుపత్రి రికార్డులు తిరగేసి 2023లో ఒక అధ్యయనం వెలువరించారు. బయలుదేరక ముందే చల్లబరిచిన కుక్కలు ఐదింట ఒకటి చొప్పునే తేలాయి. చల్లబరిచిన వాటిలో కూడా ఎక్కువమంది వాడింది తడి తువ్వాలే. తడి తువ్వాలు కప్పితే కాసేపటికి అదే వెచ్చబడి దుప్పటిలా పనిచేస్తుంది. వయసులో ఉన్న, ఆరోగ్యంగా ఉన్న కుక్కనైతే తల పైకి పట్టుకుని నీళ్ళ తొట్టిలో ముంచవచ్చు. ముసలిదానికీ, జబ్బు దానికీ ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వాలి. కుక్క ఒంటి కన్నా చల్లనివైతే చాలు, ఏ నీళ్ళయినా పనికొస్తాయి. ఐసు కోసం వెతుక్కుంటూ పోవద్దు.

అయితే మన ఇళ్ళలో ఒక తిరకాసు ఉంది. మే నెల రెండు గంటల వేళ మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళతో టీ కాచుకోవచ్చు. కొళాయి తిప్పి నేరుగా కుక్క మీద పట్టకండి. చేత్తో చూసుకోండి, బోరు నీళ్ళో, బాత్‌రూములో పొద్దుటి నుంచి నిలవున్న బకెట్టో వాడండి. ఉష్ణోగ్రత 103కి దిగగానే ఆపాలి, లేకపోతే మరీ పడిపోతుంది. తనంతట తాను తాగితే కొద్దికొద్దిగా తాగనివ్వండి. లేచి తోక ఊపినా డాక్టరుకు చూపించాల్సిందే. మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులు పోతే గానీ బయటపడదు.

విషం: చీటీ చదవకుండా వైద్యం లేదు

"ఏదో తిన్నట్టుంది, ఉప్పు నీళ్ళు పట్టించి కక్కించనా?" అని అడిగితే జవాబు వద్దు అనే. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. ఆ ఉప్పు నీళ్ళే విషమైన సందర్భాలున్నాయి. కిరోసిన్, ఫినాయిల్, బాత్‌రూము యాసిడ్ తాగిన కుక్కను కక్కిస్తే గొంతు రెండోసారి కాలుతుంది, ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తూలుతున్న కుక్కనూ, ఫిట్స్ వస్తున్న కుక్కనూ కక్కించనే కూడదు. కక్కించాల్సిన విషాలు ఉన్నాయి, అదీ మొదటి గంటా రెండు గంటల్లోనే. ఏది ఎప్పుడు అన్నది ఫోనులో డాక్టరు చెప్పాలి.

ఎలుకల మందునే తీసుకోండి. కొట్లో అందరూ ఒకే పేరుతో అడుగుతారు, లోపల సరుకు వేరు. కేకుల్లా, గింజల్లా వచ్చే రకం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. తిన్న కుక్క మూడు నాలుగు రోజులు నిక్షేపంలా తిరుగుతుంది, తర్వాత లోలోపల రక్తం కారి కూలబడుతుంది. దానికి విరుగుడు విటమిన్ కె1, వారాల తరబడి వాడాలి. నల్లని బూడిద రంగు పొడి జింక్ ఫాస్ఫైడ్. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు అవుతుంది. ఇక్కడ "పాపం, కాస్త పెరుగన్నం పెడదాం" అనుకుంటే ఆమ్లం ఇంకా ఊరుతుంది, వాయువు ఇంకా పుడుతుంది. ఆ కుక్క వాంతి చేసుకుంటే పక్కనున్న మనుషులకూ ప్రమాదమే. కారులో అద్దాలు దించాలి. పేస్టు రకంలో ఉండే పసుపు ఫాస్ఫరస్ కాలేయాన్ని తినేస్తుంది. ఒకే పేరు, మూడు దారులు. అందుకే కుక్కతో పాటు ఖాళీ డబ్బా, చిరిగిన ప్యాకెట్టు, కక్కిన దానిలో కొంచెం కవరులో వేసుకుని తీసుకెళ్ళండి. డాక్టరుకు మీ కన్నీళ్ళ కన్నా ఆ ప్యాకెట్టు ఎక్కువ ఉపయోగం.

పురుగుల మందుది మరో కథ. పిడుదులు పట్టాయని పొలానికి కొట్టే మందును కుక్క ఒంటికి పూసేవాళ్ళను స్వయంగా చూశాను. చొంగ, కన్నీరు, తెలియకుండా పోయే మూత్రం, సన్నబడిన కంటిపాప, కండరాల వణుకు కనిపిస్తే మందు ఒంట్లోకి ఎక్కినట్టే. చేతులకు తొడుగులు వేసుకుని సబ్బునీళ్ళతో కడుగుతూ ఆసుపత్రికి ఫోను చేయాలి. అట్రోపిన్ అనే విరుగుడు మందు సమయానికి పడితే బతుకుతుంది.

ఇక పారాసెటమాల్. మనిషికి నిరపాయమైన మాత్ర కుక్క కాలేయానికీ, రక్తానికీ విషం కాగలదు. పిల్లికి ఒక్క మాత్రే చావు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు వేస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. కుక్కకు చాక్లెట్ పడదని ఇప్పుడు చిన్న పిల్లలకూ తెలుసు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయన్నది, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొడుతుందన్నది తెలిసినవాళ్ళు తక్కువ. ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. ఎందుకన్నది చాలాకాలం అంతుపట్టలేదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని అమెరికాలో విషవైద్య నిపుణులు అనుమానించారు. 2022లో వాళ్ళు వెలువరించిన పత్రంలో ఆ అనుమానానికి బలమిచ్చిన పదార్థాల్లో ఒకటి మన చింతపండు. అది తిన్న కుక్కలకూ అలాగే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ప్రసాదం పులిహోర కుక్కకు పెట్టే అలవాటున్న ఇళ్ళు ఈ మాట వినాలి.

గోదురు కప్పను నోట కరిచి నురగ కక్కే కుక్క విషయంలో మాత్రం నోటికి నీళ్ళు మంచివే. అయితే తల కిందికి వంచి, పక్క నుంచి ధార పట్టి బయటికి పోయేలా కడగాలి. మింగించకూడదు.

పాము

కుక్క పామును చూస్తే పారిపోదు, ముక్కు పెట్టి వాసన చూస్తుంది. అందుకే కాటు ఎక్కువగా మూతి మీదో, ముందుకాలి మీదో పడుతుంది. రక్తపింజరి కరిస్తే వాపు, నొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది: వెనక కాళ్ళు తడబడతాయి, రెప్పలు వాలతాయి, ఊపిరి మందగిస్తుంది. కట్లపాము కాటుకు గాటు కూడా సరిగా కనిపించదు. తాడు బిగించి కట్టడం, కోయడం, పీల్చడం, పసరు పూయడం ఏవీ వద్దు. మూతి, మెడ వాచేలోగా బెల్టు తీసేయండి. నడిపించకండి, నడిస్తే విషం త్వరగా పాకుతుంది. ఎత్తుకుని తీసుకెళ్ళండి.

మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి తయారైనదే. మనుషులకు వాడేదే కుక్కలకూ వాడతారు. కాబట్టి ఏ పాము అని వెతుకుతూ పొదల్లోకి వెళ్ళి మీరు కాటు వేయించుకోనక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అదీ బయలుదేరే ముందు ఫోనులో: "విరుగుడు మందు మీ దగ్గర ఇప్పుడు ఉందా?" లేదంటే ఇంకో చోటికి వెళ్ళాలి.

ఊపిరి ఆగినప్పుడు

గొంతులో ఏదైనా అడ్డుపడ్డ కుక్క దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. గాలి ఆడుతోందనే దాని అర్థం. శబ్దం ఆగి, నాలుక నీలం తిరిగితే నోరు తెరిచి చూడండి. కనిపిస్తే పక్క నుంచి లాగండి. కనిపించనిదాని కోసం వేలు గుచ్చితే అది ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్కనైతే తల కిందికి వచ్చేలా ఎత్తి పట్టుకోవాలి. పెద్దదానికి చివరి పక్కటెముక వెనక పిడికిలి పెట్టి ముందుకూ పైకీ ఐదుసార్లు గట్టిగా నొక్కాలి. నోట్లోంచి గానీ, వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే మాత్రం లాగకండి. రెండో కొస పేగుల్లో చిక్కుకుని ఉంటే లాగిన కొద్దీ పేగు కోసుకుపోతుంది.

పిలిస్తే పలకక, ఊపిరి కూడా లేకపోతే పది పదిహేను సెకన్లకు మించి పరీక్షిస్తూ కూర్చోకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 2012లో తొలిసారి వచ్చి 2024లో సవరణ పొందిన రికవర్ అనే పశువైద్య మార్గదర్శకాలు చెప్పేది ఇది: పక్కకు పడుకోబెట్టి, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ముప్పై నొక్కులకు రెండు శ్వాసలు. నోరు మూసి పట్టుకుని ముక్కులోకి ఊదాలి, అదీ రేబిస్ అనుమానం లేని కుక్కకే. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి, చేతులు అలిసిపోతే లోతు తగ్గిపోతుంది. గుండ్రటి పెద్ద ఛాతీ అయితే అత్యంత వెడల్పైన చోట, డాబర్‌మన్‌లా సన్నని లోతైన ఛాతీ అయితే మోచేయి వెనక గుండె మీద, బుల్‌డాగ్ అయితే వెల్లకిలా పెట్టి. నిజం చెప్పాలంటే గుండె ఆగాక బతికి ఇంటికొచ్చే కుక్కలు చాలా కొద్ది, ఆసుపత్రిలోనే ఆగినా అంతే. నీటిలో మునిగినవీ, అప్పుడే ఏదో అడ్డుపడినవీ కొంత ఆశ ఇస్తాయి.

ఫిట్స్‌లో చేతిలో తాళాలు పెట్టే ఆచారం కుక్కల దాకా వచ్చింది. దానికి ఏమీ పెట్టకండి, నోట్లో చెంచా అసలు పెట్టకండి. కుక్క నాలుక మింగదు, మీ వేలు మాత్రం కొరుకుతుంది. చుట్టూ కుర్చీలు తీసేసి, లైటు ఆర్పి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, రోజులో రెండోసారి వచ్చినా ఆసుపత్రికి వెళ్ళాలి. వీలైతే వీడియో తీయండి, డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి కుక్క బుద్ధిగా కూర్చుంటుంది.

మిగిలినవి

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి ఐదు నుంచి పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేయాలి. కాఫీ పొడి, పసుపు, సున్నం అద్దితే అవి తర్వాత డాక్టరు గంటసేపు గోకి తీయాల్సిన చెత్త అవుతాయి. గోరు విరిగి రక్తం వస్తే మాత్రం మైదా అద్ది నొక్కితే చాలు, వంటింటి వైద్యంలో ఇదొక్కటే నేను ఒప్పుకునేది. పురుగులు పడిన గాయంలో పెట్రోలు, ఫినాయిల్ పోసే పద్ధతి పల్లెల్లో ఇంకా ఉంది. అది పురుగుతో పాటు మాంసాన్నీ కాలుస్తుంది. బండి గుద్దిన కుక్కను చంకలో ఎత్తుకోకుండా పలక మీదికో, దుప్పటి మీదికో జరిపి నాలుగు కొసలు పట్టుకుని మోయాలి. వెన్ను విరిగిందో లేదో మనకు తెలియదు.

ఒక ఆపదకు ఇంట్లో చేయగలిగిన ప్రథమ చికిత్స అంటూ ఏదీ లేదు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో తిన్న తర్వాత కడుపు ఉబ్బి, మెలిక పడిపోతుంది. కక్కబోతుంది, ఏమీ రాదు. పొట్ట డోలులా బిగుస్తుంది, ఒక చోట నిలవలేదు. ఎవరో గ్యాసు మందు కలిపి పట్టిద్దామంటారు. ఆ అరగంటలో కడుపు గోడకు రక్తం అందక కుళ్ళడం మొదలవుతుంది. ఆపరేషన్ చేయగల చోటికే, నేరుగా వెళ్ళాలి.

ఆ చోటు ఏది అన్నది రాత్రి పదకొండుకు వెతికితే దొరకదు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, కానీ అవి ప్రధానంగా పాడి పశువుల కోసం. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి. మీకు దగ్గర్లో రాత్రి తలుపు తీసేది ఏది, ఆపరేషన్ చేసేది ఏది, పాము మందు ఉంచేది ఏది అని పగలే ఫోను చేసి కనుక్కోండి. మా ఫ్రిజ్ తలుపు మీద ఆ మూడు నంబర్ల చీటీ అంటించి ఉంది. దాని కింద బిళ్ళల డబ్బాలో రెండు చుట్టల కట్టుగుడ్డ, ఒక సెలైన్ సీసా, చేతి తొడుగులు, కుక్కకే ప్రత్యేకంగా ఉంచిన డిజిటల్ థర్మామీటరు, మూతికి కట్టే చున్నీ పేలిక పెట్టాం. వేసవిలో బాత్‌రూములో రెండు బకెట్లు పొద్దున్నే నింపి మూత పెడతాం.